అంబేద్కర్ మొదటి పంతులు సుబేదార్ రాంజీ

డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ చదువు గురించి మాట్లాడినప్పుడల్లా మనం రెండు విషయాలు చెప్పుకుంటాం. ఒకటి ఆయన అసాధారణమైన మేధ. రెండోది బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్. రెండూ నిజమే. అయితే మహారాజు సాయం అందేనాటికి భీమ్‌రావు మెట్రిక్ దాటి కాలేజీలో ఉన్నారు. అంతకుముందు పదేళ్లకు పైగా ఆ చదువును మోసింది ఎవరు? బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్న పిల్లవాడు, ప్యూన్ వచ్చి పోస్తే తప్ప నీళ్లు తాగడానికి వీల్లేని పిల్లవాడు చదువు మానకుండా నిలబడటానికి ఇంట్లో ఏం జరిగింది?

ఈ ప్రశ్న వెంట వెళితే సుబేదార్ రాంజీ మాలోజీ సక్పాల్ దగ్గరికి చేరతాం. ఆయన అంబేద్కర్ తండ్రి అన్న సంగతి అందరికీ తెలుసు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, సైనిక బడికి 14 ఏళ్లు ప్రధానోపాధ్యాయుడు అన్న సంగతి మాత్రం జయంతి సభల్లో వినపడటం తక్కువ. అంబేద్కర్‌కు మొదటి పంతులు ఇంట్లోనే ఉన్నారు. ఆ పంతులు జీవితాన్ని ఒకసారి వరసగా చెప్పుకోవాలని మా ప్రయత్నం.

సైన్యంలో దొరికిన అక్షరం

రాంజీ కుటుంబానిది మహారాష్ట్ర కొంకణ ప్రాంతంలోని అంబవడే. రత్నగిరి జిల్లా మండణ్‌గడ్ దగ్గరి ఊరు. కులం మహార్. ఊరి కబురు మోయడం, చచ్చిన పశువును ఈడ్వడం, పిలిచినప్పుడు వెళ్లి చాకిరీ చేయడం ఆ రోజుల్లో మహార్ల మెడకు కట్టిన పనులు. మన పల్లెల్లో మాల మాదిగలు చేసిన వెట్టికి అక్కడి రూపం అది. ఆ బతుకు నుంచి బయటపడటానికి ఉన్న కొద్ది దారుల్లో సైన్యం ఒకటి. ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో మహార్లు పెద్ద సంఖ్యలో చేరారు. రాంజీ తండ్రి మాలోజీ కూడా సిపాయిగానే పనిచేశారు.

సైన్యంలో జీతంతో పాటు ఇంకొకటి దొరికింది. సిపాయిలకూ వాళ్ల పిల్లలకూ చదువు తప్పనిసరి చేసిన ఏర్పాటు ఉండేది. ఆడపిల్లలకు కూడా పటాలాల్లో బళ్లు నడిచేవి. బయట ఏ ఊరి బడీ రానివ్వని కులాల పిల్లలు పటాలం బడిలో పలక పట్టారు. రాంజీ ఈ ఏర్పాటులోంచి వచ్చిన మనిషి. సైన్యంలో చేరాక పూనాలోని సైనిక నార్మల్ స్కూల్లో ఉపాధ్యాయ శిక్షణ పొందారు. తర్వాత పటాలం బడిలో పంతులయ్యారు, ప్రధానోపాధ్యాయుడయ్యారు, సుబేదార్ మేజర్ హోదా వరకు వెళ్లారు. అంటరాని కులంలో పుట్టిన మనిషికి 19వ శతాబ్దపు చివర్లో ఉపాధ్యాయ శిక్షణ ఉండటం, 14 ఏళ్లు ఒక బడిని నడపటం మామూలు విషయం కాదు.

ఆయన భార్య భీమాబాయి ముర్బాడ్కర్ల ఇంటి ఆడపడుచు. ఆమెదీ సైన్యంలో సుబేదార్లున్న కుటుంబమే. ఈ దంపతులకు 14 మంది పిల్లలు. పద్నాలుగో బిడ్డ భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మధ్యప్రదేశ్‌లోని మౌ కంటోన్మెంట్‌లో పుట్టారు. తండ్రి అప్పుడు అక్కడి సైనిక బడిలో ఉన్నారు.

ఆ మరుసటి ఏడాదే ఒక తలుపు మూసుకుంది. 1892 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం మహార్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేసింది. యోధ జాతులు, యోధులు కాని జాతులు అంటూ వాళ్లు చేసిన విభజనలో మహార్లు రెండో లెక్కలోకి పోయారు. ఒక్క ఆదేశంతో వేల కుటుంబాలకు జీతం పోయింది, బడి పోయింది. ఈ ఉత్తర్వుకు వ్యతిరేకంగా రాంజీ కదిలారని, మహాదేవ్ గోవింద్ రనడే సాయంతో ప్రభుత్వానికి విజ్ఞప్తి రాయించారని అంబేద్కర్ జీవిత చరిత్ర రాసిన ధనంజయ్ కీర్ చెబుతారు. ఫలితం దక్కలేదు. కొద్ది కాలానికే రాంజీ పదవీ విరమణ చేశారు. తాను ఎక్కి వచ్చిన మెట్టు తన కొడుకులకు ఇక లేదు. వాళ్లు వెళ్లాల్సింది బయటి బళ్లకు. అక్కడ ఏం ఎదురవుతుందో సైన్యం నుంచి వచ్చిన ఆ పంతులుకు బాగా తెలుసు.

తల్లి లేని ఇల్లు

పింఛన్ మీద ఇంటికి వచ్చిన రాంజీ కుటుంబంతో ముందు దాపోలీలో, తర్వాత సతారాలో ఉన్నారు. సతారాలో ప్రజా పనుల శాఖలో స్టోర్‌కీపర్ ఉద్యోగం దొరికింది. అక్కడే భీమాబాయి చనిపోయారు. 14 మందిలో బతికి మిగిలింది ఐదుగురు: బలరామ్, ఆనందరావు, మంజుల, తులస, చివరివాడు భీమ్‌రావు. పిల్లల్ని సాకే భారం రాంజీ తోబుట్టువు మీరాబాయి మీద పడింది. ఆమె పొట్టి మనిషి, కాళ్ల జబ్బుతో సరిగా నడవలేని మనిషి. అయినా ఆ మేనత్త ఒడిలోనే భీమ్‌రావు పెరిగారు.

సతారా రోజుల గురించి అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్న విషయాలు చదివితే ఆ ఇల్లు ఎలా నడిచిందో తెలుస్తుంది. డబ్బిస్తామన్నా చాకలి బట్టలు ఉతకడు. డబ్బిస్తామన్నా మంగలి జుట్టు కత్తిరించడు. పింఛన్ ఉంది, ఉద్యోగం ఉంది, అయినా ఈ చిన్న పనులు ఊళ్లో జరగవు. ఇంట్లో బట్టలు ఉతికింది అక్కలు. తమ్ముళ్లకు జుట్టు కత్తిరించింది అక్క. ‘ఆర్థికంగా ఎదిగితే కులం పోతుంది’ అనే మాట మనం ఇప్పటికీ వింటుంటాం. సుబేదార్ ఇంట్లో ఆ మాట 1900 నాటికే అబద్ధమని తేలిపోయింది.

1900 నవంబర్ 7న భీమ్‌రావు సతారా ప్రభుత్వ హైస్కూల్లో చేరారు. ఆ తేదీని మహారాష్ట్రలో ఇప్పుడు విద్యార్థి దినోత్సవంగా జరుపుకుంటున్నారు. బడిలో చేర్చడం ఒక్కరోజు పని. చేరిన పిల్లవాడిని రోజూ ఆ అవమానంలోకి పంపించి, రాత్రికి మళ్లీ పుస్తకం ముందు కూర్చోబెట్టడం ఏళ్ల తరబడి చేసిన పని.

అందని ఉత్తరం

1901లో రాంజీ సతారాలో లేరు. కరువు బాధితులకు పని కల్పించడానికి ప్రభుత్వం కోరెగావ్ దగ్గర చెరువు తవ్వకం మొదలుపెట్టింది. అక్కడ ఆయన క్యాషియర్. పిల్లలు మేనత్త దగ్గర సతారాలో ఉండేవారు. వేసవి సెలవులకు రమ్మని తండ్రి రాశారు. పిల్లలకు పండగే. కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త చెప్పులు, పట్టు అంచు పంచెలు. భీమ్‌రావు, ఆయన అన్న, చనిపోయిన పెద్దక్క కొడుకులు రైలెక్కి మసూర్ స్టేషన్‌లో దిగారు. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు.

తర్వాత జరిగింది చాలామంది పాఠకులకు తెలిసిన కథ. ముచ్చటగా ఉన్న పిల్లల్ని చూసి దగ్గరికి వచ్చిన స్టేషన్ మాస్టర్, మహార్లమని చెప్పగానే ముఖం మార్చుకుని వెనక్కి వెళ్లాడు. బండివాళ్లెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే పిల్లలే బండి తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. దారిలో తిండి ఉంది, నీళ్లు లేవు. టోల్ వసూలు చేసే అతని దగ్గర ముస్లిం పిల్లలమని చెప్పి అడిగినా నీళ్లు దొరకలేదు. రాత్రంతా దాహంతో ఉండి మర్నాడు కోరెగావ్ చేరారు.

ఈ సంఘటనను కులం క్రూరత్వానికి సాక్ష్యంగా చెప్పుకుంటాం, అది సరైనదే. తండ్రి వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. గుమ్మం ముందు పిల్లల్ని చూసి రాంజీ ఆశ్చర్యపోయారు. వాళ్లు వస్తున్నట్టు ఆయనకు తెలియదు. పిల్లలు రాసిన ఉత్తరం వచ్చింది కానీ, నౌకరు దాన్ని ఆయన చేతికి ఇవ్వడం మరిచాడు. మిగతా ఇళ్లలో ఉత్తరం అందకపోతే పిల్లలు కాసేపు స్టేషన్‌లో కూర్చుంటారు, తర్వాత ఎవరో ఒకరు బండెక్కిస్తారు. ఈ ఇంట్లో ఉత్తరం అందకపోతే పిల్లలకు నీళ్లు కూడా పుట్టవు. దళిత తల్లిదండ్రులు ఒక్క చిన్న ఏర్పాటులో తప్పినా దాని ధర పిల్లలు ఎంత చెల్లిస్తారో ఈ ఒక్క ఉత్తరం చెబుతుంది.

రాత్రి పారాయణం, కొడుకు ప్రశ్న

రాంజీ కబీర్ పంథీ. తాగుడు లేదు, మాంసం లేదు. ఉదయం సాయంత్రం ఇంట్లో అభంగాలు, దోహాలు పాడాలి, పిల్లలంతా కూర్చోవాలి. క్రమశిక్షణలో పటాలం ఇంటిదాకా వచ్చింది. అంబేద్కర్ 1956లో ‘బుద్ధుడు-ఆయన ధర్మం’ గ్రంథానికి ఒక పీఠిక రాశారు. గ్రంథం మొదటి ముద్రణలో అది చేరలేదు, తర్వాత వెలుగులోకి వచ్చింది. అందులో ఆయన తన తండ్రి గురించి దాపరికం లేకుండా రాశారు. పిల్లల మీద పూర్తి అధికారం చెలాయించే రోమన్ పితృస్వామితో తండ్రిని పోల్చారు. చిన్నప్పుడే తల్లి పోయినందువల్ల తనకు మాత్రం కొంచెం చనువు ఉండేదని కూడా రాశారు.

ఆ ఇంట్లో రోజూ నిద్రపోయే ముందు ఇద్దరు అన్నదమ్ములు మహాభారతం, రామాయణం కొంత భాగం పైకి చదవాలి. అక్కలు, కథ వినడానికి వచ్చిన ఇరుగుపొరుగు వింటారు. ఇది ఏళ్ల తరబడి సాగింది. ఉపాధ్యాయుడి కన్నుతో చూస్తే ఇది బిగ్గరగా చదివించే పాఠం. ఉచ్చారణ, జ్ఞాపకశక్తి, నలుగురి ముందు గొంతు విప్పే ధైర్యం అన్నీ అందులో ఉన్నాయి.

భీమ్‌రావు ఇంగ్లీషు నాలుగో తరగతి పాసైనప్పుడు కులపోళ్లు సభ పెడదామన్నారు. రాంజీ ససేమిరా అన్నారు. పరీక్ష పాసవడం తప్ప కుర్రవాడు చేసిందేమీ లేదని, ఇలాంటివి చేస్తే తలకెక్కుతుందని ఆయన అభ్యంతరం. అప్పుడు వాళ్లు రాంజీ స్నేహితుడు, మరాఠీ రచయిత దాదా కేలుస్కర్‌ను ఆశ్రయించారు. ఆయన నచ్చచెప్పాక రాంజీ తగ్గారు. సభకు అధ్యక్షత వహించిన కేలుస్కర్ తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను భీమ్‌రావు చేతిలో పెట్టారు.

ఆ పుస్తకం చదివిన కొడుకు తండ్రిని నిలదీశాడు. మనల్ని తక్కువ చేసే రామాయణ భారతాలు ఎందుకు చదివిస్తున్నావు, బుద్ధుడి పుస్తకాలు ఎందుకు ఇవ్వలేదు అని. పిల్లలు పిల్లల్లా ఉండండి, చెప్పింది చేయండి అని రాంజీ మొదట కసిరారు. కొన్నాళ్లకు కొడుకు మళ్లీ అడిగితే ఈసారి జవాబు సిద్ధంగా ఉంది. మనం అంటరానివాళ్లం, మీలో న్యూనతాభావం రావడం సహజం, దాన్ని పోగొట్టడానికే ఈ చదువు అన్నారాయన. ద్రోణుడు, కర్ణుడు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎదిగారో చూడమన్నారు. వాల్మీకి కోలీ కులంవాడని గుర్తుచేశారు. కొడుకు ఒప్పుకోలేదు. ద్రోణుడు, భీష్ముడు, కృష్ణుడు, రాముడు ఒక్కొక్కరినీ విమర్శించాడు. తండ్రి మౌనంగా ఉండిపోయారు.

మా దృష్టిలో రాంజీ జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. ఆయన సమాధానంతో మనం ఏకీభవించనక్కర్లేదు, కొడుకూ ఏకీభవించలేదు. గమనించాల్సింది ఆయన ఎక్కడ మొదలుపెట్టారన్నది. బడి తన పిల్లల మనసులో ఏ గాయం చేస్తుందో ఆయన గుర్తించారు. దానికి తన చేతిలో ఉన్న పుస్తకాలతోనే మందు వేయబోయారు. ప్రశ్నను మొదట అణిచిన తండ్రి రెండోసారి దానికి సిద్ధమై వచ్చారు, చివరికి కొడుకు తిరుగుబాటును కొట్టకుండా తిట్టకుండా విన్నారు. అదే పీఠికలో అంబేద్కర్, కేలుస్కర్ ఇచ్చిన పుస్తకం సాయంతోనే తాను బుద్ధుడి వైపు మళ్లానని రాశారు. ఆ మొదటి చర్చ జరిగింది తండ్రితోనే.

పరేల్‌లో ఒకే గది

1904లో కుటుంబం బొంబాయి వచ్చి పరేల్‌లో మిల్లు కార్మికులుండే డబక్ చాల్‌లో దిగింది. ఒకే గది. అందులోనే వంట, కట్టెలు, తిరగలి, ఒక మేక, మనుషులు. భీమ్‌రావును ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చేర్చారు.

ఆ గదిలో చదువుకు చోటు లేదు కాబట్టి రాంజీ కాలాన్ని పంచారు. కొడుకును పెందలాడే పడుకోమనేవారు. తాను మేలుకుని ఉండి రాత్రి రెండు గంటలకు లేపి, అదే చోటులో తాను నడుం వాల్చేవారు. కిరసనాయిలు బుడ్డి వెలుగులో తెల్లారేదాకా కొడుకు చదివేవాడు. ఇంగ్లీషుకు హోవర్డ్ రీడర్లు, అనువాదానికి తర్ఖడ్కర్ పాఠాలు తండ్రే దగ్గరుండి చెప్పేవారు.

పాఠ్యపుస్తకాలతో సరిపెట్టుకోని కొడుకు ఇంకా పుస్తకాలు కావాలనేవాడు. పింఛన్ సరిపోదు. రాంజీ పెళ్లయిన కూతుళ్ల ఇళ్లకు వెళ్లేవారు. వాళ్ల దగ్గర డబ్బుంటే అప్పుగా ఇచ్చేవారు, లేకుంటే ఒంటి మీది నగ తీసి ఇచ్చేవారు. దాన్ని తాకట్టు పెట్టి పుస్తకం కొని, పింఛన్ రాగానే విడిపించి కూతురికి తిరిగి ఇచ్చేవారు. ఇద్దరు కొడుకుల చదువు భరించలేక ఆనందరావు బడి మాని ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది.

అందుకే ఈ కథలో తండ్రి ఒక్కరినే నిలబెట్టడం న్యాయం కాదు. మేనత్త పెంచింది. అక్కలు బట్టలు ఉతికారు, నగలు ఇచ్చారు. అన్న తన చదువు వదులుకున్నాడు. ఒక మెట్రిక్ పాసు వెనుక ఇంతమంది కోల్పోయినవి ఉన్నాయి. రాంజీ పెద్దరికం కూడా తప్పులు లేనిది కాదు. భీమాబాయి పోయాక ఆయన జీజాబాయిని పెళ్లాడారు. తల్లి నగలు పిన్ని ఒంటి మీద చూసి చిన్న భీమ్‌రావు తట్టుకోలేకపోయాడు. ఇల్లు వదిలి బొంబాయి వెళ్లి మిల్లులో పనికి చేరి సొంతంగా బతకాలనుకున్నాడు. దారి ఖర్చు కోసం మేనత్త సంచి దొంగిలిస్తే దొరికింది అర్ధణా. ఆ సిగ్గుతోనే బాగా చదివి తన కాళ్ల మీద నిలబడాలని నిశ్చయించుకున్నట్టు అంబేద్కర్ తర్వాత చెప్పుకున్నారు.

చదువు ఎంత కష్టపడి మోసినా కులం గోడ అక్కడే ఉంది. భీమ్‌రావుకు సంస్కృతం చదవాలని కోరిక, తండ్రికీ అదే కోరిక. అంటరాని పిల్లవాడికి సంస్కృతం చెప్పడానికి పంతులు ఒప్పుకోలేదు. పార్శీ తీసుకోవాల్సి వచ్చింది. పిల్లలకు 14 ఏళ్లు పాఠం చెప్పిన ఉపాధ్యాయుడి కొడుక్కు ఇంకో ఉపాధ్యాయుడు పాఠం చెప్పనన్నాడు. 1907లో భీమ్‌రావు మెట్రిక్ పాసయ్యారు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువుతుండగా డబ్బు పూర్తిగా అడుగంటింది. అప్పుడు కేలుస్కర్ చొరవతో శాయాజీరావు నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ మంజూరు చేశారు. అప్పటిదాకా స్కాలర్‌షిప్ ఇచ్చింది సుబేదార్ పింఛనూ కూతుళ్ల నగలే.

1913 ఫిబ్రవరి 2

బి.ఏ. పూర్తయ్యాక భీమ్‌రావు బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళతానన్నారు. రాంజీ వద్దన్నారు. అక్కడి కులం కొడుకును ఎలా చూస్తుందో ఆయన ఊహించారు. కొడుకు వినలేదు, 1913 జనవరిలో వెళ్లారు. కొద్ది రోజులకే తండ్రికి సుస్తీగా ఉందని తంతి వచ్చింది. తిరిగి వస్తూ తండ్రి కోసం మిఠాయి కొందామని సూరత్‌లో దిగితే రైలు తప్పిపోయింది. మర్నాడు ఇల్లు చేరేసరికి రాంజీ చివరి ఘడియల్లో ఉన్నారు. కొడుకును చూసుకున్నాకే కన్నుమూశారు. అది ఫిబ్రవరి 2. ఆ ఏడాదే భీమ్‌రావు కొలంబియా విశ్వవిద్యాలయానికి ఓడ ఎక్కారు. తండ్రి అది చూడలేదు. బరోడా గురించి తండ్రి భయం మాత్రం నిజమైంది. 1917లో విదేశీ చదువుతో తిరిగివచ్చిన అంబేద్కర్‌కు ఆ ఊళ్లో తలదాచుకోవడానికి ఇల్లు దొరకలేదు.

1923లో లండన్‌లో వెలువడిన ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’ని అంబేద్కర్ తన తల్లిదండ్రుల స్మృతికి అంకితమిచ్చారు. తన చదువు కోసం వాళ్లు చేసిన త్యాగాలను అక్కడ తలుచుకున్నారు. రూపాయి విలువ మీద రాసిన ఆ పుస్తకం, రూపాయి కోసం కూతురి నగ తాకట్టు పెట్టిన తండ్రికి చేరాల్సిన చోటికే చేరింది.

ఆ బరువు ఇప్పుడు ఎవరిది

తెలుగు పాఠకులకు రాంజీ పరాయి మనిషి కాడు. 1910 నాటి నుంచి హైదరాబాద్‌లో అంటరాని పిల్లల కోసం బళ్లు తెరిచిన భాగ్యరెడ్డి వర్మ, గుంటూరు ప్రాంతంలో మిషన్ బడి పంతులుగా మొదలైన గుర్రం జాషువా ఆ తరానికి దగ్గరివాళ్లే. మన మాలపల్లె, మాదిగపల్లెల్లో మొదట అక్షరం వచ్చిన ఇళ్లను చూస్తే మిషన్ బడి పంతులో, సంఘం బడి పంతులో, సైన్యం నుంచి వచ్చిన తాతో కనిపిస్తారు. వాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా రాసి లేవు.

అంబేద్కర్ చేతికి అధికారం వచ్చినప్పుడు చేసిన పనులు ఈ వెలుగులో చూడాలి. ఆయన వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఉన్న కాలంలో, 1944లో, షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. 1945లో ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. ఒక ఇల్లు ఒంటరిగా మోసిన బరువును ప్రభుత్వమూ సమాజమూ కలిసి మోయాలన్నదే వీటి సారాంశమని మేము అనుకుంటున్నాం.

ఈ రోజు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. అప్పుడు దళిత ఇళ్లలో ఏం జరుగుతుందో మాకు తెలుసు, చదువుతున్న మీలో చాలామందికీ తెలుసు. అమ్మ పుస్తెలు, అక్క కమ్మలు బయటికి వస్తాయి. అన్నో తమ్ముడో చదువు మానేసి పనికి పోతారు. డబక్ చాల్ గదిలో జరిగిందే మళ్లీ జరుగుతుంది. 1944లో రాజ్యం తీసుకున్న బరువు తిరిగి ఇంటి మీదే పడుతుంది.

ఏప్రిల్ 14న మనం బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేస్తాం. ఆ రోజు సభలో ఐదు నిమిషాలు సుబేదార్ రాంజీకి, భీమాబాయికి, మేనత్త మీరాబాయికి, నగలిచ్చిన అక్కలకు, చదువు వదులుకున్న ఆనందరావుకు ఇవ్వాలని మా విన్నపం. ఆ వెంటనే మీ ఊళ్లో ఎవరి స్కాలర్‌షిప్ ఆగిందో, ఎవరి సర్టిఫికెట్ కాలేజీ బీరువాలో ఉందో కూడా అదే సభలో అడగండి.